వేడిని కొలిచిన ఆదినారాయణగారు

గత నెలలో ఒక ఆదివారం ఉదయం ఆరుంబావుకు లింగన్న నా తలుపు తట్టాడు. లింగన్న మా అపార్ట్‌మెంట్ల సొసైటీలో పంపులు, నీళ్ళ ట్యాంకులు చూసుకునే మనిషి. జగిత్యాల వైపునుంచి వచ్చి, సూరత్ పక్కనున్న సచిన్‌లో ఇరవై ఏళ్ళు మగ్గాల మోతలో పనిచేసి, వినికిడిలో సింహభాగం అక్కడే వదిలి వచ్చినవాడు. తాను తట్టిన చప్పుడు తనకే సరిగా వినబడదు కనుక తలుపు తెరుచుకునేదాకా తడుతూనే ఉంటాడు. నేను తలుపు తీసేలోపల మూడు నాలుగు పరుషవాక్యాలు సిద్ధం చేసుకున్నాను. అతని ముఖం చూసి వాటిని లోపలే ఉంచాను.

“సార్ ఇంక మీదికి రాలే. ఆరు దాటింది. ఎన్నడు గిట్ల గాలే.”

“డెబ్బై దాటిన మనిషయ్యా. ఒక్క ఆదివారం పడుకోనీ,” అన్నాను గట్టిగా.

నేను జీవితంలో విసిరిన ఛలోక్తుల్లో వెనక్కి తీసుకోదగినవి చాలా ఉన్నాయి. వాటన్నిటిలోకీ ఇది పెద్దది. ఆ మాట నా నోట ఉండగానే ఫోను మోగింది. ఆయన భార్య సుభద్రమ్మగారు. “రమణా, మీ సారు లేవడం లేదు. ఒకసారి పైకి వస్తావా నాయనా?” అన్నారు. ఆ గొంతులో ఏడుపు లేదు. ఏనాడూ ఆలస్యం చేయని మనిషి ఆలస్యం చేస్తున్నాడన్న ఆశ్చర్యం మాత్రమే ఉంది. రెండంతస్తులు ఎక్కి వెళ్ళేసరికి ఆశ్చర్యపోవలసినంత పనీ మిగలలేదు. ఆదినారాయణగారు నిద్రలోనే, ఎవరికీ శ్రమ ఇవ్వకుండా, దివంగతులయ్యారు. ఆయన పద్ధతి ఎప్పుడూ అంతే.

మన తెలుగు సంఘం సంచికకు ఆయన గురించి రాయమని నన్ను అడిగారు. “సార్ గురించి మీకు తెలిసినంత ఎవరికి తెలుసు?” అన్నారు. నిజమే కావచ్చు. కానీ ఆయనకు తెలియవలసిన ఒక విషయం నేను ఆయనకు చెప్పలేదు. చెప్పడానికి నాకు రెండేళ్ళు అవకాశం ఉండింది. ఆ రెండేళ్ళూ ప్రతి ఉదయం ఆయన ఇంట్లో కాఫీ తాగుతూ క్రికెట్ గురించి మాట్లాడాను. ఆ విషయం కూడా ఈ వ్యాసంలోనే రాస్తాను. రాయకపోతే ఇది సగం మనిషి చిత్రం అవుతుంది.

కాకినాడ పరిసరాల్లో పుట్టి, హజీరాలోని ఒక భారీ కర్మాగారంలో కొలత పరికరాల విభాగంలో ముప్పై ఎనిమిదేళ్ళు సేవచేసి పదవీ విరమణ చేసిన విద్వాంసుడు ఆయన. విద్వాంసుడన్న మాట ఆలోచించే వాడుతున్నాను. ఉష్ణము, ఒత్తిడి, ప్రవాహము, ఈ మూడే ఆయన ఉపాసించిన త్రిమూర్తులు. వారి ముగ్గురి అనుగ్రహం లేనిదే ఏ యంత్రమూ కదలదని ఆయన దృఢవిశ్వాసం. మిగతా దేవతల పూజ సుభద్రమ్మగారి శాఖలో ఉండేది. అందులో ఆయన జోక్యం చేసుకునేవారు కాదు. హారతి కళ్ళకద్దుకునేటప్పుడు మాత్రం మంట మీద చేయి ఒక క్షణం ఎక్కువ ఉంచేవారు. భక్తి అని నేను చాలా కాలం అనుకున్నాను.

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో నేను ఆయన దగ్గరకు వెళ్ళి, ఒక ఆవిరి గొట్టం మీది ఉష్ణమాపకం పాడైపోయిందని గంభీరంగా నివేదించాను. ఇంజనీరింగు పట్టా తడి ఆరని కాలం. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, “గొట్టం మీద చెయ్యి పెట్టావా?” అని అడిగారు. లేదన్నాను. “రోగి నాడి చూడకుండా థర్మామీటరును ఆసుపత్రిలో చేర్పిస్తున్నావోయ్,” అన్నారు. నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, అరచేయి కాక చేతి వెనుక భాగాన్ని గొట్టం పక్కకు మెల్లగా ఎలా తీసుకువెళ్ళాలో చూపించారు. గొట్టం చల్లగా ఉంది. ఆవిరి రావడం లేదు. మాపకం నిక్షేపంగా ఉంది. “కొలవకుండా తిట్టకు, తాకకుండా కొలవకు,” అన్నారు. ఆ విభాగంలో ఈ వాక్యం వినని మనిషి లేడు. పాటించనివారు కొందరు ఉండేవారు. ఒకసారి ఆ జాబితాలో ఆయనే చేరారు; ఆ కథ దగ్గరకే వస్తున్నాను.

ఇంట్లో కాఫీకి ఆయన దగ్గర ఒక చిన్న ఉష్ణమాపకం ఉండేది. పొడుగాటి సూదిలాంటిది. అతిథుల ముందు తీయరని ఒప్పందం. నేను అతిథిని కానని ఆయన నిర్ణయించిన రోజు నా ఎదుటే గ్లాసులో ముంచి, “అరవై నాలుగు. ఇప్పుడు తాగొచ్చు,” అన్నారు. నేను సుభద్రమ్మగారి వైపు చూశాను. “పెళ్ళిచూపుల్లో ఇది తేలేదు నాయనా. తెచ్చుంటే మా నాన్న అప్పుడే వీధి తలుపు వేసేవాడు,” అన్నారావిడ. “అప్పుడు నాకు ఉద్యోగం లేదు. కొనలేకపోయాను,” అన్నారాయన. ఇద్దరూ నవ్వలేదు. నలభై అయిదేళ్ళ దాంపత్యంలో హాస్యానికి నవ్వు అవసరం ఉండదని ఆ ఇంట్లోనే తెలుసుకున్నాను.

డుమస్ సముద్రతీరంలో టమాటా భజియాలు వేసే ఒకావిడ ఈయనను చూడగానే పక్కవాళ్ళతో “థర్మామీటర్‌వాలే అంకల్ ఆ గయే” అనేది, థర్మామీటరాయన వచ్చేశాడని. ఈయన ఆ మూకుడు పక్కన నిలబడి, పిండి చుక్క నూనెలో మునిగి లేచిన తీరు చూసి, ఇప్పుడు వెయ్యి, ఇప్పుడు ఆగు అని చేత్తో సంజ్ఞలు చేసేవారు. ఆవిడ ఆ సంజ్ఞలను లక్ష్యపెట్టిన దాఖలా లేదు. భజియాలు మాత్రం ఎప్పుడూ బాగుండేవి. “చూశావా, నా మాట వింటుంది,” అనేవారు.

ఇక నేను చెప్పవలసింది.

సూరత్‌లో చలికాలమంటే ఫ్యాను ఒక గీత తగ్గించే ఋతువు. అయినా మనుషులు స్వెట్టర్లు కొంటారు, వేడినీళ్ళు రాకపోతే సర్వసభ్య సమావేశాలు పెడతారు. మా సొసైటీ మేడమీద సూర్యరశ్మితో నీళ్ళు కాచే పలకలున్నాయి. మబ్బు రోజులకు కరెంటుతో నడిచే యంత్రం ఒకటుంది. ఒక పెద్ద ట్యాంకులోని వేడినీరు కిందనున్న ఎ భవనానికి తనంతట దిగుతుంది; బి భవనానికి మాత్రం చిన్న పంపు గొట్టాల్లోకి తోస్తేనే వెళ్తుంది. వాడగా మిగిలింది తిరిగి ట్యాంకుకు చేరుతుంది. తెల్లవారుజామున అయిదింటికి ఆ పంపు వేయడం లింగన్న పని. రెండేళ్ళ క్రితం చలికాలంలో బి భవనానికి ఆరున్నర దాటితే తప్ప వేడినీళ్ళు రాని పరిస్థితి వచ్చింది. మా అధ్యక్షుడు కాంతిభాయి ఉండేది బి భవనంలో. అందువల్ల సమస్య సత్వరం జాతీయస్థాయికి చేరింది.

లింగన్న నిద్రపోతున్నాడని ఒకరన్నారు. చెవుడు కనుక అలారం వినబడదని ఇంకొకరన్నారు. పంపు ఆడుతోందో ఆగిందో వినబడనివాడికి ఈ పని ఎలా ఇచ్చారని మూడోవారు అడిగారు. అతన్ని తీసేద్దామన్నారు. కార్యదర్శిని నేను, ఆ మాటలన్నీ వరుసగా మినిట్సు పుస్తకంలో ఎక్కించాను. అప్పుడు ఆదినారాయణగారు లేచి, “కొలవకుండా తిట్టకూడదు. హీట్ మీటరు పెడదాం,” అన్నారు.

హీట్ మీటరు చాలా సాధువైన వస్తువు. గొట్టంలో ఎంత నీరు పోతోందో చూసే ముక్క ఒకటి. వెళ్ళేదారిలో ఒకటి, తిరిగివచ్చే దారిలో ఒకటి, వేడి చూసే తీగలు రెండు. ఈ మూడింటి మాటలూ విని, ఇళ్ళకు ఎంత వేడి చేరిందో లెక్కకట్టే చిన్న డబ్బా. గంటగంటకూ ఏం జరిగిందో తనలో తానే రాసుకుంటుంది. ఎక్కడెక్కడో వెతికి ఒకటి తెప్పించారు. బిగించే రోజున ఆయన, నేను, లింగన్న మేడ ఎక్కాం. పానా పట్టింది లింగన్న. మరలకు టేపు చుట్టింది లింగన్న. తీగలు దూరే రంధ్రాలు శుభ్రం చేసిందీ అతనే. తనమీద సాక్ష్యం చెప్పబోయే సాక్షికి స్వహస్తాలతో పీట వేశాడు.

పంపునుంచి బయల్దేరిన గొట్టం మేడ తలుపును దాటడానికి ఒకచోట మనిషి ఎత్తు లేచి, ఒంటె మూపులా వంపు తిరిగి, బి భవనానికి దిగుతుంది. సరిగ్గా ఆ మూపు మీద పెట్టించారు మీటరు ముక్కను. “నిలబడే చదువుకోవచ్చు. నా మోకాళ్ళకు వంగే యోగం ఇక లేదు,” అన్నారు.

నేను ఆ గొట్టం వైపు చూశాను. మళ్ళీ చూశాను. రాత్రంతా పంపు ఆగి ఉంటే నీటిలోని గాలి అంతా ఎక్కడ ఎత్తుంటే అక్కడికి చేరి కూర్చుంటుంది. గాలి కూర్చున్నచోట ప్రవాహం కొలవకూడదు. ఇది మా విద్యలో రెండో పాఠం. ఆ పాఠం నాకు చెప్పింది ఆయనే. అయితే కర్మాగారంలో గొట్టాలు ఇరవై నాలుగు గంటలూ ఒత్తిడితో నిండి ఉంటాయి. గాలికి అక్కడ ప్రవేశం లేదు. పాఠం చెప్పిన మనిషికి ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కసారైనా దానితో పనిపడలేదు.

“బాగుంది కదోయ్?” అన్నారు, చేతులు తుడుచుకుంటూ.

“బ్రహ్మాండంగా ఉంది సార్,” అన్నాను.

భయం వల్ల అలా అనలేదు. ఆయన పెట్టినచోట తప్పుంటుందని అనుకోవడం నాకు అలవాటు లేదు. నా సందేహమే పొరపాటయి ఉంటుందనుకుని మెట్లు దిగాను.

పది రోజుల తరువాత సమావేశంలో ఆదినారాయణగారు కాగితం తీసి చదివారు. “ఈ పది రోజుల్లో ఏ ఒక్క రోజూ ఆరున్నరకు ముందు పంపు నడవలేదు.” తల వంచి చదువుతున్నారు కనుక లింగన్నకు ఆయన పెదవులు కనబడలేదు. అతని చెవి దగ్గర ఆ వాక్యాన్ని గట్టిగా చెప్పే బాధ్యత నామీద పడింది. చెప్పాను.

“నడిచింది సార్,” అన్నాడు లింగన్న, నాతో కాదు, ఆయనతో. “అయిదింటికే ఏసిన. నాకు ఇనబడదని రోజు పంపు మీద చెయ్యి పెట్టి సూస్త. అదురుతది. పైపు సుత ఎచ్చగుంటది. జర మీరొచ్చి సూడుండ్రి.”

“లింగన్నా, మనిషి పొరబడతాడు. మీటరు అబద్ధం చెప్పదు,” అన్నారు ఆయన. అనునయంగానే అన్నారు.

“గట్లనా సార్,” అన్నాడు. “ఆ డబ్బ నిజం, నా చెయ్యి అబద్ధమా? సరె తియ్యుండ్రి.” తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. చప్పుడు కాకుండా పెట్టాడు.

తొలగింపు కాగితం ఆ సాయంత్రం నేనే టైపు చేశాను. మర్నాడు లింగన్న, అతని భార్య లచ్చవ్వ మెట్లకింది గది ఖాళీ చేసి, రెండు సంచులు, ఒక గ్యాసు పొయ్యి, ఒక తులసికుండతో ఆటోలో సచిన్ వెళ్ళిపోయారు. యాభై అయిదేళ్ళ వయసులో మళ్ళీ మగ్గం ముందుకు.

కొత్త మనిషి వచ్చాడు. చెవులు శుభ్రంగా వినబడే మనిషి. బి భవనానికి వేడినీళ్ళు యథాప్రకారం ఆరున్నరకే వచ్చాయి.

వారం గడిచాక ఆదినారాయణగారు నన్ను లేపి, అయిదింటికి మేడ మీదికి తీసుకువెళ్ళారు. స్విచ్చు స్వయంగా వేశారు. పంపు మీద చేయి పెట్టారు, అదిరింది. గొట్టం మొదట్లో చేతి వెనుక భాగం ఆనించారు, వెచ్చబడుతోంది. వెళ్ళి మీటరు చూశారు. సున్నా. మళ్ళీ వచ్చి చేయి పెట్టారు. మళ్ళీ వెళ్ళి చూశారు. మూడోసారి వెళ్ళలేదు. వంగడం చేతకాని ఆ మోకాళ్ళతో మేడ మీద నేలమీద కూలబడ్డారు.

“పంపు నడవలేదని మీటరు ఎప్పుడన్నదోయ్?” అన్నారు. “ఇక్కడ నీళ్ళు కదలడంలేదు అంది. అంతే. తక్కిన సగం వాక్యం నేను రాశాను. ప్లాంటులో ప్రవాహం లేదంటే పంపు ఆగినట్టే కదా. చేయి అలవాటుపడిపోయి రాసేసింది.”

“గాలి సార్,” అన్నాను, అప్పుడే తట్టినవాడిలా. నాకు నాటకాల్లో ఎవరూ వేషం ఇవ్వలేదు కానీ ఆ ఉదయం ఫర్వాలేదనిపించాను.

గాలే. రాత్రంతా మూపులో చేరిన గాలి బి భవనానికి దారి మూసేది. పాపం ఆ చిన్న పంపు అయిదింటినుంచీ దాన్ని తోస్తూనే ఉండేది. జనం లేచి ఒక్కొక్కరే కుళాయిలు తిప్పేసరికి గాలి కొంచెం కొంచెంగా లాగబడి, ఆరున్నరకు దారి తెరుచుకునేది. జబ్బు ఉన్నచోటే మీటరు పెట్టి, జబ్బును మనిషి నేరంగా చదివాం. మూపు మీద గాలి వదిలే వాల్వు పెట్టించారు. మీటరును కింది వరుసకు మార్పించారు. మూడో రోజున బి భవనంలో అయిదుంబావుకల్లా పొగలు కక్కే నీళ్ళు. అందరూ ఆయన్ను కీర్తించారు. ఆయన మాత్రం అన్నం సగంలో లేచి చేయి కడుక్కునేవారని సుభద్రమ్మగారు చెప్పారు.

“జవా దో నే, ఆదుభాయి,” అన్నాడు కాంతిభాయి, పోనిద్దురూ అన్నట్టు. “నవో మాణస్ సారో ఛే. కొత్తవాడు బాగానే చేస్తున్నాడుగా. ఇప్పుడు ఇదంతా తవ్వితే సొసైటీ ప్రతిష్ఠ ఏంకాను?”

“ప్రతిష్ఠకు ఇంకా ఎవరూ మీటరు కనిపెట్టలేదు కాంతిభాయి. కనిపెడితే ముందు మన ఇద్దరికీ బిగిద్దాం,” అన్నారు ఆదినారాయణగారు.

ఆ ఆదివారం ఆయన్ను సచిన్ తీసుకువెళ్ళాను. మగ్గాల షెడ్డులో అడుగుపెడితే మోత చెవుల్లోకి కాదు, పళ్ళలోకి ఎక్కుతుంది. లింగన్న నాలుగు మగ్గాల మధ్య తిరుగుతున్నాడు. ఆదినారాయణగారు అతని ఎదుట నిలబడి ఏదో చెప్పారు. నాకు ఒక్క అక్షరం వినబడలేదు. కానీ అక్కడ పనిచేసేవాళ్ళు చెవులతో మాట్లాడుకోరు, పెదవులు చదువుతారు. లింగన్న ఆసాంతం చదివాడని అతని కళ్ళు చెప్పాయి. మమ్మల్ని బయట టీ బండి దగ్గరకు తీసుకువెళ్ళాడు. చాయ్ తనే చెప్పాడు.

“తప్పు నాదే లింగన్నా. నువ్వు రమ్మన్నప్పుడు వచ్చి చెయ్యి పెట్టి చూడాల్సింది. చూడలేదు,” అన్నారు మళ్ళీ.

“సమజైంది సార్. లోపట్నే సదివిన,” అన్నాడు లింగన్న. గ్లాసు అంచున ఊదుకుంటూ, “గని ఆడ చెప్తే ఏం లాభం సార్? ఆ మోతల ఎవ్వలయ్ ఎవ్వలకు ఇనబడయ్. నన్ను ఎక్కడన్నరో అక్కడ చెప్పుండ్రి.”

“చెబుతాను. వస్తావా?”

“ఇనెటందుకైతే వస్త.”

నలభై ఏళ్ళకు పైగా ఈ ఊళ్ళో ఉన్నా గుజరాతీ మాట్లాడడమే కానీ రాయడం ఆయనకు రాదు. ఆ వారం రోజులూ బడిపిల్లవాడిలా బల్ల ముందు కూర్చుని, సమావేశంలో చెప్పబోయే చిన్న ప్రకటనను గుజరాతీలో తన చేతులతో రాశారు. నేను టైపు చేసిస్తానంటే వద్దన్నారు. “అతన్ని తీసెయ్యడానికి టైపు చేశాం. ఇదైనా మనిషి రాసినట్టు ఉండాలి,” అన్నారు. నాకు తగలాలని అన్న మాట కాదు. తగిలింది.

సమావేశంలో లింగన్న తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆదినారాయణగారు కాగితం చదవలేదు. చేత్తో పట్టుకుని, తల ఎత్తి, అతని వైపు తిరిగి, పెదవులు కనబడేలా చెప్పారు. ముందు తెలుగులో, అతనికి. తరువాత గుజరాతీలో, మాకందరికీ. మీటరు తప్పుచోట పెట్టింది తానేననీ, అది చెప్పని మాట దానిపేర చెప్పింది తానేననీ, ఆ మనిషి చేయి మొదటినుంచీ నిజమే చెప్పిందనీ. అటువంటి స్థితప్రజ్ఞతతో తన తప్పును పదిమంది ముందు నిలబెట్టడం అనితరసాధ్యమని ఇప్పుడు రాయగలుగుతున్నాను. అప్పుడు మాత్రం నా బూట్ల లేసులు చూసుకుంటున్నాను. ఆయన “నేను” అన్న ప్రతిచోటా “మేము” అనవలసింది. ఆ మాట సరిచేయగలిగిన మనిషి ఆ గదిలో ఒక్కడే ఉన్నాడు.

“పనికి మల్ల వస్త సార్,” అన్నాడు లింగన్న చివరికి. “గని ఆ డబ్బ సదువుడు నాకు నేర్పాలె. మల్ల ఎవ్వలన్న దాన్ని సూపిచ్చి ఏమన్న అంటే, నేను సుత సదివి చెప్త.”

కొత్త మనిషికి ఆదినారాయణగారే వేరొకచోట పని చూసిపెట్టారు. లింగన్నకు పాఠం మొదలైంది. పెద్ద బడిలో చదవని మనిషికి ప్రవాహము, ఉష్ణభేదము ఆయన చెప్పిన తీరు విని ఉంటే మా కాలేజీ ఆచార్యులు వృత్తి మార్చుకునేవారు. “ఇంటికి చుట్టం వచ్చేటప్పుడు సంచి ఎంత బరువుంది, పోయేటప్పుడు ఎంత బరువుంది? తేడా ఎవరికి దక్కింది?” “ఇంటోళ్ళకు.” “వేడి కూడా అంతే.” నెల తిరిగేసరికి లింగన్న సున్నాలతో సహా అంకెలన్నీ చదివేవాడు. మీటరు పుస్తకంలో ఆదినారాయణగారు ఒక గడి కొత్తగా గీశారు. దాని తలమీద “చెయ్యి” అని రాశారు. రోజూ ఆరింటికి ఇద్దరూ మేడమీద కలిసేవారు. ముందు ఆ గడి నిండాలి: వెచ్చన, గోరువెచ్చన, చురుక్కు. తరువాతే అంకె.

“ఇయ్యాల చెయ్యి ఎచ్చగన్నది సార్, డబ్బ జర తక్కువన్నది.”

“అయితే డబ్బాను అడుగుదాం.”

రెండేళ్ళు అలా గడిచాయి. “మీటరు అబద్ధం చెప్పదు” అన్న పాత వాక్యాన్ని ఆయన మళ్ళీ వాడగా వినలేదు. ఎవరైనా ఆయన ఎదుట ఆ మాట అంటే, “చెప్పదు. అడిగినదానికే చెబుతుంది. అడగడంలో ఉంది,” అనేవారు.

ఆయన పోయిన పన్నెండో రోజు కార్యక్రమాలు ముగిశాక మర్నాడు తెల్లవారుజామున మేడ ఎక్కాను. ఎందుకు ఎక్కానో నన్ను అడగకండి. లింగన్న అక్కడే ఉన్నాడు. పుస్తకం తెరిచి, చెయ్యి గడి నింపి, అంకె రాసి, నాకు చూపించాడు. “ఇయ్యాల గింతున్నది సార్. పెద్దసారు ఉంటే ఏమనెటోడో,” అన్నాడు. ఏమనేవారో నాకు తెలియలేదు. అంకె మామూలుగానే ఉంది. మామూలు అంకెను చూసి కూడా ఆయన ఏదో ఒకటి అనేవారు. అది విని లింగన్న నవ్వేవాడు. ఆ ఒక్క వాక్యం కోసం మేమిద్దరం కాసేపు నిలబడ్డాం. గొట్టంలో నీళ్ళు పోతున్నాయి.

అప్పుడు చెప్పాను. అరిచి చెప్పలేదు. అరవవలసిన అవసరమూ లేదు, అతను పెదవులు చదువుతాడు. మీటరు బిగించిన రోజునే ఆ చోటు తప్పని నాకు అనుమానం వచ్చిందనీ, నోరు తెరవలేదనీ, తెరిచి ఉంటే నువ్వు సచిన్ పోయేవాడివి కాదనీ, ఈ సంగతి సార్‌కు కూడా చెప్పలేకపోయాననీ. రెండేళ్ళ మాట నాలుగు వాక్యాల్లో అయిపోయింది.

లింగన్న పుస్తకం మూశాడు. “ఎరుకే సార్,” అన్నాడు.

“ఎవరు చెప్పారు?”

“పెద్దసారే. నేను మల్లొచ్చిన వారానికే చెప్పిండు. ‘రమణ ఆనాడు పైపు దిక్కు రెండుమాట్ల సూసిండు లింగన్నా. నేను బాగుంది కదా అన్న గని, తప్పేమన్న ఉన్నదా అని అడగలే. అడిగితే చెప్తుండె. అండ్ల అతని తప్పు లేదు, నాదే’ అన్నడు. నీతోని ఎన్నడు అనొద్దన్నడు. నువ్వు బాధపడ్తవట.”

వేడినీళ్ళ కోసం ఎదురుచూసే ఊరిలో ఇంకా తెల్లవారలేదు. అంటే, రెండేళ్ళు ప్రతి ఉదయం నా ఎదుట కూర్చుని, నేను చెప్పని మాట తెలిసి, నా క్రికెట్ కబుర్లు వింటూ, కాఫీ చల్లారుతోంది తాగమని చెప్పారన్నమాట.

ఆదినారాయణగారికి సంఘం తరఫున, ఆయన పనినేర్పిన అందరి తరఫున, నమస్కరిస్తున్నాను. ఆయనకు సాటి మనిషిని నేను ఎరగను. ఇకపై ఎరుగుతానన్న ఆశ లేదు. ఆయన జీవితంలో నాకు తెలిసిన పొరపాట్లు రెండు. ఒకటి ఆయనే పట్టుకుని పదిమందిలో సరిచేసుకున్నారు. రెండోది, నా తప్పును తనదిగా చదవడం. సార్, ఆ రీడింగు తప్పు. ఈ మాట మీ ముఖం మీద చెప్పే ధైర్యం నాకు ఇప్పటికి వచ్చింది. మీరు లేరు.